మోటారు వాటా

పుష్యమాసం. దోర్నాల చలికి
స్విచ్చు కూడా వేలిని కరిచింది.
మోటారు మూలిగిందే గానీ నీళ్లందుకోలా.
రాత్రి పైపులో నిలవాల్సిన నీళ్లు
చప్పుడు లేకుండా బావిలోకి దిగిపొయ్యాయి.

"ఫుట్‌వాల్వు కారతా ఉంది మే" అన్నాడు బుడేసాబు,
పైపుకి చెవి ఆనించి, నాడి చూసినట్టు.

ముందు దానికి మనం పొయ్యాలి,
తర్వాతే అది మనకి పోసుద్ది.
అందుకే పొయ్యి పక్కన ఒక బిందె ఎవురూ ముట్టరు.
జొరంతో పడున్న రోజు కూడా
మా అత్త ఆదెమ్మ దాంట్లో చెంబు ముంచనీలా.

ఈసారి ఆ బిందే చాల్లేదు.
నడుముకి మోకు కట్టుకుని నేనే దిగాను.
చుట్టూ పలకరాయి పొరలు, చేత్తో తడిమితే పెళుసు.
మోకాళ్లు మునిగాయి.
వెచ్చగా ఉంది!
పైన ఊరంతా ముసుగుతన్ని వణుకుతుంటే
ఈ వేడి ఎవురికోసం దాచిపెట్టుకుందో.

పైపు ఎత్తి వాల్వు విప్పితే
తోలుబిళ్ల కింద గోరంత పలకముక్క.
అంతే.
దానికే నెల్రోజులు మోటారుని తిట్టిపోశాను.

కొత్త తోలు, కాస్త ఆముదం, రెంచీతో రెండు తిప్పులు.
నీళ్లు తొట్లోకి దూకాయి, పొగలు కక్కుతా.
అందరూ చేతులు పెట్టారు.
నేను ముందు ఆ బిందె నింపాను.

పలకముక్కతో మా చిన్నది అరుగు మీద గీసి చూసింది.
గీత పడింది.