జానెడు

సింధియా అవతల, యార్డు గోడ పక్కన
మూడు కాళ్ళూ ఆకాశంలోకి ఎత్తుకుని
రిగ్గు ఆగి మూడు నెలలు.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం
రాత్రంతా దాన్ని తడిమి తడిమి పోతుంది.

నిన్న మంకీ బోర్డు కోసేశారు.
గ్యాసు మంట, కొన్ని నిప్పురవ్వలు,
తొంభై అడుగుల పైనుంచి క్రేను కొక్కానికి వేలాడుతూ
దిగింది,
ఇరవై రెండేళ్ళు నేను నిలబడ్డ చోటు.
నేలమీద పెట్టి చూస్తే
మా మేక పడుకోడానికి కూడా చాలదు.

అక్కడ నడుముకి బెల్టు కట్టుకుని
ఒళ్ళంతా గాలిలోకి వాల్చి
మూడు పైపులు ఒకటై ఊగుతూ వచ్చే స్టాండుని
తాడేసి చుట్టి, కౌగిలించి,
ఫింగర్ బోర్డు సందులోకి తోసేవాణ్ణి.
బావిలోంచి తీసినా నేనే, బావిలోకి దింపినా నేనే.
ఒక్కో ట్రిప్పుకి నూట పది.
ఒంటికి పట్టిన మడ్డి
ఇంటికెళ్ళి మూడు సబ్బులు అరగదీసినా
చెవి వెనక మిగిలేది.

ఫింగర్ బోర్డు అంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.
పైపులకి ఇనప వేళ్ళిచ్చి
నా రెండు వేళ్ళు పుచ్చుకుంది ఆ రిగ్గు.
అప్పటికి నేనింకా కింద, టాంగుల దగ్గర.
గొలుసు జారింది.
నొప్పి తర్వాత వచ్చింది,
ముందు గ్లోవు వదులైనట్టు అనిపించింది.
"లోపలికి చూడకురా" అన్నాడు వాసుపల్లి గురన్న.
మరుసటేడు అతని చెయ్యే పోయింది.

ఇప్పుడు ఆ చోట ఒక స్తంభం,
పట్టాల మీద నడిచే స్తంభం, దానికి రెండు చేతులు.
పైపుని నడుం దగ్గరొకటి, భుజం దగ్గరొకటి పట్టి
కాళ్ళమీద పడుకోబెట్టి పసిదానికి నీళ్ళు పోసే
ముసలమ్మలా
తొందర లేకుండా తిప్పుతుంది.
కింద గాజు గదిలో చల్లగా కూచుని ఆడించేది
పెదగంట్యాడ పిల్ల నూకరత్నం.
ఒళ్ళో వేరుశనక్కాయల పొట్లం,
కంప్యూటర్ మీద రంగు రంగుల గడులు.
ఏ గడిలో ఏ పైపుందో
దానికి తెలుసు, నాలా పెదాలు కదిపి లెక్కపెట్టక్కర్లేదు.

నన్ను పిలిచింది ఒక్క మాట కోసం.
"పైపు వదిలాక చెయ్యి ఎంత వెనక్కి రావాలి, మామయ్యా?
పుస్తకంలో ఒకటుంది. మీరెంత ఒదిలేవోరు?"
జానెడు, అన్నాను.
చెయ్యి చాచి చూపించాను.
బొటనవేలి నుంచి కొలిస్తే
చిటికెన వేలు ఉండాల్సిన చోట
గాలి.

ఆ పిల్ల కీబోర్డు మీంచి చెయ్యి తీసింది.
"ఎవరి జానా?" అని మెల్లిగా అడిగింది.
ఇరవై రెండేళ్ళలో ఎవరూ అడగలేదు.
తన చెయ్యి నా చేతి పక్కన బల్ల మీద పరిచింది,
గోళ్ళకి గోరింటాకు ఎరుపు సగం చెరిగి.
రెండంగుళాల తేడా.
తన జానే కొట్టింది లోపలికి,
ఆపైన ఇంకో బెత్తెడు కలిపింది.
నేనేం మాట్లాడలేదు.
రెండంగుళాలు తక్కువ సందులో
ఇన్నేళ్ళూ ఎలా బతికొచ్చానో అనిపించి
నీళ్ళు తాగాను.

తర్వాత స్టాండు ఎత్తింది.
"ఒదులొదులొదులు" అని పైనుంచి అరుపు లేదు,
కింద నుంచి బూతు లేదు.
సన్నగా ఒక గంట,
తలుపు మూసుకున్నట్టు ఒక చప్పుడు.
నిజం చెప్పాలంటే బాగుంది.
నిజం చెప్పాలంటే
గొంతులో ఏదో అరుపు ఇంకా అక్కడే కూచుంది.

సాయంత్రం జాలరిపేట వెళ్ళాను.
గురన్న ఇసకలో కూచుని
కాలి బొటనవేలికి వల తగిలించి
ఒంటి చేత్తో చిల్లు అల్లుతున్నాడు.
అంతా చెప్పాను, స్తంభం, గాజు గది, గంట.
విని విని అడిగాడు:
"దానికి ఏళ్ళెన్నిరా?"
ఏళ్ళు లేవు. రెండు దవడలు, అంతే.
దారం పంటితో కొరికి,
"మంచిదే" అన్నాడు,
బొటనవేలు లాగి
వల బిగించాడు.