పోయొస్తా

మొదటిసారి వచ్చింది పాకాల క్రాస్ దగ్గర,
ఎడమ మణికట్టులో.
టికెట్టు మిషను బరువేమో అనుకున్నా.
ఎవరో చిల్లరడిగితే వేళ్ళు తెరుచుకోలే.
చంద్రగిరి దాటేసరికి
బన్ను మాదిరి ఉబ్బి, ముట్టుకుంటే కాలతాంది.
మూడోనాడు సెలవు పెట్టి ఆసుపత్రి లైన్లో నిలబడితే
నా వంతు వచ్చేటప్పటికి
వాపు లేదు, ఎరుపు లేదు, నొప్పీ లేదు.
డాక్టరు చెయ్యి తిప్పి తిప్పి చూసి
"ఏముండాదమ్మా ఈడ?" అన్నాడు.
నిజమే. ఏముండాది?

పదకొండు దినాలకు మోకాలు.
ఆ తర్వాత కుడిభుజం, జడ వేసుకోనీలే.
ఆ తర్వాత మడమ.
వచ్చేది రాత్రిపూట, చెప్పకుండా.
పోయేది రెండోనాటికి, గుర్తు వదలకుండా.
దొంగయినా గొళ్ళెం వంచి పోతాడు కదా!

డిపోలో దొరస్వామి సారు
నా సెలవు చీటీలన్నీ పేకముక్కల్లా పరిచి
"రెడ్డెమ్మా, నీ నొప్పి
డ్యూటీ చార్టు చూసుకోని వస్తాదా?" అన్నాడు.
నవ్వినోళ్ళు నవ్వినారు.
నటన, అని ఎవరో అన్నారు. మెల్లగానే.
వెనక సీటు గుసగుస ముందు మెట్టు మీద వినే చెవులు నావి.

డ్రైవరు ఖాదర్‌వలీ ఒక్కడే
"ఈసారొస్తే ఫోటో తియ్యక్కా" అన్నాడు.
తీసినా. లైటు కింద,
కొలతకు పక్కన అగ్గిపెట్టె పెట్టి.

తిరుపతిలో కీళ్ళ డాక్టరమ్మ
నా చెయ్యి కంటే ఆ ఫోటోలే ఎక్కువసేపు చూసింది.
రక్తం కాగితం చదివి
ఒక మాట చెప్పింది:
పాలిండ్రోమిక్ రుమాటిజం.

నాకు పాలడ్రమ్ము అని వినిపించింది.
పూతలపట్టులో ఎక్కే పాలక్యాన్లకు
లగేజీ టికెట్టు కొట్టేదాన్ని,
ఇంకేం వినిపిస్తాది?

ఆమె నవ్వలే. బల్ల మీది పేరుపలక
నా వైపు తిప్పింది.
"ఎడమ నుంచి చదవండి."
జలజ.
"కుడి నుంచి."
జ, ల, జ.
"ఇట్లాంటి మాటను పాలిండ్రోమ్ అంటారు. గ్రీకు వాళ్ళది.
పాలిన్ అంటే మళ్ళీ. డ్రోమోస్ అంటే పరుగు.
పోయిన దారినే మళ్ళీ పరుగెత్తుకు రావడం."

అంటే మా బస్సే కదా మేడమ్, అన్నా.
అప్పుడు నవ్వింది.

కాగితంలో ఇంకో మాట ఉండాది, పాజిటివ్ అని.
మంచిదే కదా అన్నా.
ఈ పరీక్షలో కాదు, అనింది.
"ఇప్పటికి చుట్టంలా వచ్చి పోతోంది.
కొందరికి ఇల్లు కట్టుకుని ఉండిపోతుంది.
కొందరికి దానంతట అదే రావడం మానేస్తుంది.
మీకెట్లనో నేను చెప్పలేను."
ఆ చెప్పలేను అనే మాట తడుముకోకుండా చెప్పింది,
అందుకే నమ్మినా.

తిరుగు సర్వీసు. బోర్డు తిప్పి పెట్టినారు.
టికెట్లు కొడతా, మాటలు తిరగేసుకుంటా వచ్చినా.
మడమ. తిరగేసినా మడమే.
కునుకు. ఎటునుంచీ రాలేదు నాకు.
పులుపు. మా అత్త మానిపించి ఎనిమిది నెలలు;
చింతపండు చేసిన తప్పేమీ లేదని డాక్టరమ్మ అన్నాక
సగం ప్రాణం అక్కడే లేచొచ్చింది.
మహిమ. కొండకు పోయేవాళ్ళ నోట దినమూ వినేదే.
నటన.
దీన్ని మాత్రం రెండుసార్లు తిరగేసినా.

నొప్పి. తిరగేస్తే ఏ మాటా కాదు.

మర్నాడు దొరస్వామి సారు నా చీటీ చదవబోయి
"పాలిం... పాలిం..." అని ఆగిపోయినాడు.
నిదానంగా సార్, అన్నా.
నొప్పి తగ్గలే, మాత్ర ఇంకా మొదటి పట్టీలోనే ఉండాది,
అయినా ఆ పూట
నా చెయ్యి నా చెయ్యిగానే ఉండింది.

నిన్న రాత్రి మళ్ళా, ఎడమ బొటనవేలు మొదట్లో.
లైటు వేసినా. అగ్గిపెట్టె వెతుక్కున్నా.
ఎల్లుండికి పోతాదని తెలుసు.
మాలో ఎవరూ గడప దాటేటప్పుడు
పోతా అనరు,
పోయొస్తా అంటారు.
దీనికీ ఎవరో ఆ మర్యాద నేర్పినట్టుండారు.

ఐదుంబావు సర్వీసు నాదే.
ఈ పూట చిల్లర
కుడిచేత్తో ఇస్తా.