మూడో పీపా

కొలరాడోలో, చెట్టు లేని ఆ ఎత్తు మైదానంలో
వర్లీన్ ఓస్ట్రాండర్ రేకుల ఇంటికి
కరెంటు తీగ లేదు, కుళాయి లేదు.
చూరు కింద మాత్రం మూడు పీపాలు.
చట్టం ఒప్పుకునేది రెండే.

"లెక్క తెలియక కాదు డెల్ఫీనో,
మూడోది తెలిసే పెట్టాను" అంది.
మొన్న రాత్రి గంటసేపు కురిసిందట,
రేకుల మీద పేలాలు వేగినట్టు.

నేను కౌంటీ ఉద్యోగిని.
నోటీసు పుస్తకం చంకలో ఉంది.
ఒక సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు.
దిగువన కాలవ మీద మొదటి హక్కు మా ముత్తాతది.
ఉల్లిపొర లాంటి ఆ కాగితాన్ని
మా అమ్మ ఇప్పటికీ ఇనప్పెట్టెలో దాస్తుంది.
మా చిక్కుడు చేను పచ్చదనం దాని చలవే.
ఆ లెక్కన ఈ చూరు నుంచి జారే ప్రతి బొట్టూ
నేల తాకకముందే మాకు బాకీ.

"పారబొయ్యాలి" అన్నాను, నా బూట్లు చూసుకుంటూ.
మారుమాట్లాడకుండా పీపా వంచేసింది.
నీళ్ళు ఒక్క ఉదుటున మెట్టు దిగి
ముళ్ళపొదల మొదళ్ళు తడుముకుంటూ
దారి తెలిసినట్టే కాసేపు నడిచాయి.
నేనూ వెంట నడిచాను.
పదకొండు అడుగులు.
అక్కడ ఇసుక గుటకేసింది.

నది ముప్పై మైళ్ళ అవతల.

"సరిచేశారు" అన్న గడిలో టిక్కు పెట్టాను.
అడుగులు రాయడానికి గడి లేదు.

జీపు ఎక్కుతుంటే అడిగింది, ఎగతాళిగా కాదు,
ఇంట్లో పిల్లల క్షేమం అడిగినట్టు:
"ఈ ఏడు మీ చిక్కుళ్ళు ఎలా ఉన్నాయి?"