రెండో ఐదేండ్లు

మొదటి ఐదేండ్లు ఒడిసిననాడు
నక్కలగుట్ట డాక్టరమ్మకు
అరకిలో కోవ పట్టుకపోయిన.
ఆమె ఒక ముక్క తుంచుకొని
చీటీ మీద మళ్ళా అదే గోలి రాసింది.
హార్మోనుది, ఇంకో ఐదేండ్లు మింగాలె ఐలవ్వా,
ఒకటి పోయింది, ఇంకోటన్న కాపాడుకోవాలె గద అన్నది.

సరే అన్న.
శనగగింజంత గూడ లేదు గోలి.
రాత్రి బువ్వ తిన్నంక ఒకటి.

ఏడో ఏడు ఎండకాలం
కొత్తవాడ షెడ్డుల కూసుంటే
నీలి దారం పోయి నల్లదాంట్ల కలిసింది.
కరెంటు తక్కువున్నదేమో అనుకున్న.
ఒకటే శత్రంజికి ఇద్దరం మేము,
ఆ కొస రజియాది, ఈ కొస నాది.
రజియా పంజా కొట్టుడు ఆపింది.
"ఐలక్కా, నీ దిక్కు మెట్టు ఇరిగింది."

అప్పటికే జానెడు నేసిన దాని మీద.
ఇప్పలేదు. సేటు నలభై కోసిండు,
అండ్ల ఇరవై నాదేనన్నది రజియా,
వద్దంటే ఇనలే.

కంటి దవాఖానల చుక్కలు పోసిన్రు,
గడ్డం ఆనిచ్చి లోపటి ఫోటో తీసిన్రు.
మీసాలు సక్కగ రాని పిలగాడు, డాక్టరట,
తెర మీద చూపెట్టిండు:
ఎర్రటి నేల,
దాని మీద సన్నగ మెరిసే పొడి,
పడుగు మీద గంజి ఎండి అంటుకున్నట్టు.
ఏండ్లకేండ్లు ఆ గోలి మింగితే
ఏ కొద్దిమందికో ఇట్ల పేరుకుంటదమ్మా అన్నడు.

కొద్దిమంది.
చిట్టీల ఎన్నడు లేవని పేరు
ఇండ్ల లేసింది.

ఆపుమంటవా బిడ్డా అంటే
ఆమెను అడుగు అన్నడు.
ఆమెను అడిగితే
కన్ను ఎంత పోయిందో ఆయనను రాసియ్యుమన్నది.
ఆటోకు ఎనభై.
నాడె లెక్క నాలుగుసార్లు తిరిగిన
ఆ కాయితం పట్టుకొని.

ఓదేలు ఏమనలే.
పొద్దుగాల లేసి చూస్తే
నా దారాలు ఏ రంగుకారంగు సంచులల్ల ఉన్నయి.
ఎరుపు సంచికి ఒక ముడి,
నీలికి రెండు,
నలుపుకు మూడు.
నా మొగడు నాకు ఇన్నేండ్లల్ల
ఇంత పెద్ద ఉత్తరం ఎన్నడు రాయలే.

నిన్న రాత్రి గోలి చేతులకెల్లి జారింది.
లైటు వేస్తనంటే వద్దన్న.
అరచెయ్యితోని బండలన్ని తడిమిన,
మంచం కోడు కాడ దొరికింది.
దాన్ని పట్టుకొని చానసేపు కూసున్న,
ఇది రొమ్ము దిక్కా, కంటి దిక్కా అని.

రేపటిది రేపు.
నిన్నటిదైతే మింగిన,
మన్ను దులుపుకొని.