నలుపు తెలుపు ప్రింటు

చీటీ పాడుకున్న రోజు మస్తానమ్మ అంది:
"ఏమ్మే, ఈసారి బంగారం వద్దు,
సింహాన్ని చూసొద్దాం."
నాది ఒంగోలు లాయర్‌పేటలో జిరాక్సు కొట్టు.
ఆమె ముప్పయ్యేళ్లు కరవది పశువుల ఆస్పత్రిలో
ఎద్దుల నోళ్లు తెరిచి మందు పోసిన మనిషి.
పాస్‌పోర్టు ఫొటోలో కూడా ఆ భుజాలు
దేన్నో అదిమి పట్టుకున్నట్టే ఉన్నాయి.

సింహం నిద్రపోతోంది.
మూడు విమానాలు మారి పోతే
భోజనాల తర్వాతి ట్రెజరీ ఆఫీసులా నిద్రపోతోంది.
ఒక చెవి కదిలింది. అందరూ ఫొటో తీశారు.

జిరాఫీ నీళ్లకోసం ముందుకాళ్లు ఎడంగా చాపి
వంగీ వంగీ వంగుతుంటే
మస్తానమ్మ తన మోకాళ్లు పట్టుకుంది.

జలపాతం దగ్గర జలపాతం కనపళ్లేదు.
పొగ, తడి, చప్పుడు.
అద్దె రెయిన్‌కోటుల్లో మేమిద్దరం
కవరు చుట్టిన మైసూరుపాకు ముక్కల్లా నిలబడ్డాం.
ఆమె పెదాలు కదులుతున్నాయి, నాకేమీ వినపడదు.
దణ్ణం పెట్టుకుంటోందనుకున్నా.
రాత్రి అడిగితే,
"గుండ్లకమ్మ దాకా ఎన్ని పైపులు పడతాయో
లెక్కేస్తన్నా" అంది.

బోట్స్వానాలో నాలుగో రోజు.
ఇంకా తెల్లవారలేదు.
దుప్పట్లు కప్పుకుని జీపులో పోతున్నాం.
రోడ్డు పక్క ముళ్లకంప దగ్గర
ఏదో తెల్లగా.
మూపురం. గంగడోలు. మురుదు కొమ్ములు.
"ఆపండయ్యా!" అని అరిచింది, తెలుగులోనే.
డ్రైవరు ఆపాడు.

దిగొద్దన్నా దిగింది.
పశువుల దగ్గర ఓ కుర్రాడు,
చలికి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు.
టెబోగో అన్నాడు. తన పేరో, ఎద్దు పేరో.
ఆమె అడగలేదు.
దవడ పట్టి నోరు తెరిచి చూసి
"ఆరు పళ్లది" అంది నాతో.
గంగడోలు మడతల్లోకి చెయ్యి పోనిచ్చింది.
చర్మం ఒక్కసారి
మెడనుంచి తొడదాకా అలలా జలదరించి ఆగింది.
"చూశావా, అదే ఒణుకు.
యాడుంటే ఏం, మనదే."
మనదో కాదో నాకేం తెలుసు.
అది మాత్రం తల వంచి, కళ్లు అరమూసి,
ఆమె మోచేతి మీద ఊపిరి వదులుతోంది.

జీపులో రేడియో గరగరమంది.
నది దగ్గర చెట్టు మీద చిరుత ఉందట.
వెనకసీట్లో పూనా హనీమూను జంట
వాచీ చూస్తూ, మమ్మల్ని చూస్తూ.
"అక్కా, చిరుత" అన్నాను.
చెవి కిందనుంచి ఓ పిడుదును లాగి
చెప్పు కింద నలుపుతూ అంది:
"ఉండమను."

అది ఉండలేదు.
ఆ జంట రాత్రి అన్నాల దాకా మాతో మాట్లాడలేదు.

ఒంగోలు వచ్చాక నేను మాత్రం
చిరుతను చూశామనే చెప్పాను అందరికీ.
కొమ్మ మీద, తోక వేలాడేసుకుని.
మూడోసారి చెప్పేసరికి
దాని పక్కన ఒక కూన కూడా చేరింది.
మస్తానమ్మ పక్కనే కూర్చుని
అవునని కాదు, కాదని కాదు,
టీ ఊదుకుంటా ఉండేది.

మొన్న కొట్టుకొచ్చింది.
ఇప్పుడు కరవదిలో ఆమె వీధిలో కొట్టాలన్నిట్లో బైకులు.
ఫోన్లో పదకొండొందల ఫొటోలు.
ఏనుగుల్ని దాటించి, సింహాన్ని దాటించి,
నేనే సరిగా తీయలేక చెదిరిపోయిన ఒక బొమ్మ దగ్గర ఆగి
"ఇది తియ్యి" అంది.
"కలరా?"
"తెల్లెద్దుకు కలరేందే."
రెండు రూపాయల బిళ్ల గల్లా మీద పెట్టింది.
వద్దనబోయి ఊరుకున్నా.

కాయితం వెచ్చగా బయటికొచ్చింది.
ముళ్లకంపంతా నల్లగా అచ్చయింది.
ఎద్దు ఉన్నచోట మాత్రం యంత్రం ఏమీ వేయలేదు,
కాయితాన్ని కాయితంగానే వదిలేసింది.
ఆ తెలుపు మీద
అయిదు వేళ్లు.