పదహారో ఛానల్

బటూమిలో వాన మొదలైతే
ఆపడం ఆకాశం చేతిలో కూడా ఉండదు.
అలాంటి ఒక మంగళవారం
గొడుగు గుమ్మం బయట వదిలి
నతేలా గారి గదిలో కూర్చున్నాను,
ఒక్కదాన్నే. గంటకి నలభై ఐదు లరీలు.

వసంతంలో నొదారీ రిటైరవుతాడు.
మార్చిలో పరీక్ష గట్టెక్కితే
రేవు రేడియో గది తాళం నాకిస్తారట.
పంతొమ్మిదేళ్ళుగా రేవులో పెట్టెలు లెక్కపెడుతున్నాను.
పెట్టెలు మాట్లాడవు.
ఓడలు మాట్లాడతాయి, అదీ ఇంగ్లిషులో.

నతేలా గారు నన్నే చూస్తారు.
చూడ్డానికి ఆ గదిలో ఇంకెవరున్నారని?
నేను ఒక మాట కోసం నాలుకంతా తడుముకుంటుంటే
ఆవిడ పెన్సిలు ఎత్తి పట్టుకుని ఆగుతారు.
గోడ గడియారం నా డబ్బులు
పైకే లెక్కపెడుతూ ఉంటుంది.
మా భాషలో అతనికీ ఆమెకీ ఒకటే మాట.
ఆ గంటలో మా ఆయన్ని మూడుసార్లు ఆడదాన్ని చేశాను.
ఆవిడ నవ్వలేదు.
మూడుసార్లూ దిద్దారు.
ఒక్కసారి నవ్వి ఉంటే
నాలుగోసారి ధైర్యంగా తప్పు చేసేదాన్ని.

శుక్రవారం ఇంకో చోట చూశాను.
బేకరీ మీద మేడగది, ఎనిమిది కుర్చీలు,
కింద నుంచి కాలిన జున్ను వాసన.
మనిషికి పదిహేను లరీలు, గంటన్నర.
ముర్మాన్‌కి తన కమలాపళ్ళు పోలండ్ పంపాలి.
ఎలిసోకి హోటల్లో రాత్రి డ్యూటీ తప్పించుకోవాలి.
ముర్మాన్ లేచి నిలబడి
వాళ్ళమ్మని "అతను" అన్నాడు,
వాళ్ళమ్మకి మీసాలున్నాయా అంది ఎలిసో,
ఉన్నాయి కొంచెం, అన్నాడతను నిజాయితీగా.
గదంతా పగలబడి నవ్వింది.
ఆ నవ్వులో నా మూడు తప్పులూ
ఎప్పుడు కొట్టుకుపోయాయో చూడలేదు.

కానీ నేను లెక్కల మనిషిని.
గంటన్నరలో నా నోరు తెరిచింది ఆరు నిమిషాలు.
నిమిషానికి రెండున్నర లరీలు పడింది.
నతేలా గారి దగ్గర ముప్పావు లరీ.
చవకనుకున్నదే ఖరీదు!
నొదారీకి చెబితే సిగరెట్టు ఆర్పి
"పదిమందిలో పాము చావదు,
ఒక్కదానివే కర్ర పట్టుకో" అన్నాడు.
సరేననుకున్నాను.
అయినా ఒక పద్దు తెగలేదు.
"కోల్డ్ స్టోరేజ్" అనడానికి ముర్మాన్ ఎనిమిది నిమిషాలు పెనుగులాడాడే,
ఆ మాట నేను ఇక మరిచిపోను,
మరి ఆ ఎనిమిది నిమిషాలు
ఎవరి ఖాతాలో రాయాలి?

ఆ రాత్రి నొదారీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.
పదహారో ఛానల్.
ఏదో గోధుమల ఓడ, గాలికి సగం తెగిన గొంతు.
"సే అగైన్" అన్నాడు నొదారీ.
మళ్ళీ తెగింది.
"సే అగైన్."
మూడోసారి కూడా అదే గొంతుతో,
క్షమాపణ లేదు, సిగ్గు లేదు,
టీలో చక్కెర కలుపుతూనే.
"ఇది ఎవరెవరికి వినిపిస్తుంది?" అడిగాను.
"అందినంత మేర అందరికీ" అన్నాడు.
"మాట్లాడేది ఒక్కడితోనే.
వినేది మటుకు సముద్రం మీదున్న వాళ్ళంతా."
ముప్పై ఏళ్ళుగా అతని తప్పులు
ఎన్ని ఓడలు ఎక్కి ఏ దేశాలు తిరిగాయో!
పాము సంగతి అప్పుడు అడగాల్సింది.
అడగలేదు, అతను నిద్రమొహంతో ఉన్నాడు.

తర్వాతి శుక్రవారం మేడమెట్లు ఎక్కాను.
కుర్ర మాస్టారు గబగబా ఏదో అడిగాడు.
చెమటలు పట్టాయి. గొంతు సవరించుకుని
"సే అగైన్" అన్నాను.
అడిగాడు. "సే అగైన్" అన్నాను.
మూడోసారికి ఎలిసో కూడా అందుకుంది.
ఆ పూట పాఠం ముందుకి కదల్లేదు,
మాస్టారికి కొంచెం కోపం కూడా వచ్చింది.

నతేలా గారి దగ్గరకి నెలకి ఒకసారి వెళుతున్నాను,
పంటి డాక్టరు దగ్గరకి వెళ్ళినట్టు.
ఆవిడ ఇప్పటికీ నవ్వరు.

ఆదివారాలు ముర్మాన్ ఫోన్ చేస్తాడు.
ఎన్ని బుట్టలు దింపాడో, ఎన్ని కుళ్ళాయో
అంతా ఇంగ్లిషులోనే చెబుతాడు,
కుళ్ళినవాటికి అతనికి మాట దొరకదు, నాకూ దొరకదు.
ఇద్దరం చాలాసేపు వెతుకుతాం.
నిమిషానికి ఎంత పడిందో
ఇంతవరకూ లెక్క కట్టలేదు.
చివర్లో "ఓవర్" అంటాడు,
అవసరం లేకపోయినా.