వరదగుడి

ఎల్డొరెట్‌లో కోడిమాంసం కొట్లు
పొద్దున్నే ఏడింటికి తెరుస్తారు.
నెకేసా ఏడూ పదికి వెళుతుంది,
తెల్లకోటు ల్యాబులోనే వదిలేసి
ఇంటికి కూర కొనేదానిలా,
చేతిలో గోనెగుడ్డ సంచీతో.

"తొడలు, అరకిలో."
"తోలు తీసెయ్యనా అక్కా?"
"వద్దు, ఉండనీ."
తనకు కావలసినవి తోలు మీదే ఉంటాయి.

ఇరవై ఆరు కొట్లు. ఒక్కో పొట్లానికీ ఒక అంకె.
కొట్ల పేర్లు చిట్టాలో,
చిట్టా బీరువాలో,
బీరువా తాళంచెవి డాక్టర్ చెరోటిచ్ మెడలో.
అంకెకు ముఖం ఉండకూడదని నియమం.

ఒక రాత్రి పెంచుతుంది.
ఇంకో రాత్రి ఏరి, విడదీసి, మళ్ళీ పెంచుతుంది.
మూడోనాడు ముంజెలాంటి మేత మీద
చుక్క లేని ముగ్గులా వాటిని పరిచి
ఆరు మందుబిళ్ళలు పెడుతుంది,
చొక్కా గుండీ కన్నా చిన్న కాగితం బిళ్ళలు.
పళ్ళేన్ని బోర్లించి పొదిగే పెట్టెలోకి తోస్తుంది.
కోడి చచ్చింది.
దాని మీద బతికినవాటికి మాత్రం
కోడి కడుపు కింద ఉన్నంత వెచ్చన.

మందు పనిచేస్తే తెల్లారేసరికి
బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం.
చంద్రుడి చుట్టూ అలాంటిది కడితే
మావైపు వరదగుడి అంటారు.
దూరపు గుడికి దగ్గర వాన, దగ్గర గుడికి దూరపు వాన
అని నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చెప్పేవాళ్ళను చూశాను.
నెకేసాది కూడా ఆ లెక్కే,
కాకపోతే స్కేలు పెట్టి, మిల్లీమీటర్లలో.

ఇరవై రెండు.
పందొమ్మిది.
ఆరు.
ఆరంటే బిళ్ళ వెడల్పు. ఆరంటే సున్నా.
పదిహేడో అంకె పళ్ళెంలో
నాలుగు బిళ్ళలకు గుడి లేదు.
అంచుదాకా వచ్చి, మూతులు ఆనించి
మందునే మేతగా మేస్తున్నట్టున్నాయి.

అంకెకు ముఖం ఉండకూడదు.
కానీ కొన్నది తనే కదా.
పోస్టాఫీసు పక్క కొట్టు,
ఆ కొట్టుకు వారానికి రెండుసార్లు
సైకిలు మీద తట్టలు దింపే కుర్రాడు,
ఆ తట్టలు బయల్దేరే రేకుల షెడ్డు,
షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డ మేనత్త నఫూలా.

నెకేసాకు పదేళ్ళప్పుడు ఆ షెడ్డులో
సోడా మూతతో పసుప్పచ్చ పొడి కొలిచేది.
బకెట్టుకు ఒక మూత.
కోళ్ళకు రోగమొచ్చినా, రాకపోయినా.
ముందుజాగ్రత్త అనేది అత్త.
ఆ ముందుజాగ్రత్తే
ఫారం రెండుకీ, ఫారం మూడుకీ, ఫారం నాలుక్కీ
ఫీజు కట్టింది.
మిగిలిన చిల్లరతో ఒక స్కేలు కొనిపెట్టింది.

శనివారం ఆ ఇంటికి వెళ్ళింది.
అత్త పుంజును కోసింది, మేనకోడలొచ్చిందని.
"కుళాయి కింద కడక్కు అత్తా, చిమ్ముతుంది."
"కడగని మాంసం తినమనే చదువేం చదువే నీది!"
ఉడికితే చస్తాయి.
అది పుస్తకానికీ తెలుసు, అత్త కుండకూ తెలుసు.
ఉడకనివే, కుళాయి చెవి మీదా కత్తి పిడి మీదా,
సుకుమా ఆకు తరుగుతున్న పిల్లవాడి
బొటనవేలి గోట్లో.

చెప్పాలనుకున్న మాటలు
దారి పొడుగునా పేర్చుకొచ్చింది.
ఒక్కటీ నోట్లోంచి రాలేదు.
తినేసింది. బాగుందంది. నిజంగానే బాగుంది.

చేతులు కడుక్కుంటుంటే అత్త అంది,
"రేకు గీసుకుంది. మూడువారాలైంది.
పశువుల మందుల కొట్లో మూడు రకాలు ఇచ్చాడు.
నీ దగ్గర గట్టి మాత్ర ఏదైనా ఉందా?"
గౌను అంచు ఎత్తింది.

పిక్క మీద పుండు.
పుండు చుట్టూ ఎర్రగా
గుడి కట్టింది.
నెకేసా స్కేలు లేకుండానే కొలిచింది.

వాళ్ళ భాషలో నఫూలా అంటే
వానల్లో పుట్టిన పిల్ల.
నెకేసా అంటే కోతల్లో పుట్టినది.

"రేపు నాతో పెద్దాసుపత్రికి రా అత్తా."

"నేనొస్తే
కోళ్ళకు నీళ్ళెవరు కలుపుతారే?"